నేను చదవకుండా వదిలేసిన పేరా

ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు, అమ్మకు కూడా. నేను పదో తరగతిలో ఉన్నప్పుడు పాటల కంపెనీల వాళ్లు మా నాయనకు ఒక ఇంగ్లీషు ఉత్తరం ఇచ్చి పోయారు. దాన్ని చదివి ఆయనకు తెలుగులో చెప్పింది నేనే. చెప్పేటప్పుడు అందులో ఒక పేరా వదిలేశాను. కళ్లు దాన్ని మొత్తం చదివాయి, నోరు మాత్రం దాన్ని దాటుకుని పోయి కింద సంతకం దగ్గర ఆగింది. పొద్దున ఏం తిన్నానో, లెక్కల సారు ఎవరిని తిట్టాడో, ప్రతిదీ డైరీలో రాసుకునే అలవాటు నాకు. ఆ రోజు పేజీలో మాత్రం "సాయంత్రం వాన పడింది" అని ఒక్క ముక్క రాసి మూసేశాను.

నాయన పోయి ఏడాది కావొస్తోంది. నేనిప్పుడు దర్శిలో ఒక ప్రైవేటు బడిలో ఇంగ్లీషు చెప్తూ, చిన్న గది అద్దెకు తీసుకుని ఉంటున్నాను. పోయిన వారం చెన్నకేశవులు మామ ఫోన్ చేశాడు. మార్కాపురంలో మా అంగడి పక్కనే ఆయన వాచీలు బాగుచేసే దుకాణం. మాకు చుట్టమేమీ కాదు, నాయన ఆయన్ని బావా అనేవాడు కాబట్టి నాకు మామ అయ్యాడు. "అమ్మాయ్, రోడ్డు వెడల్పు చేస్తన్నారంట. మన వరస అంతా కొట్టేస్తారు. మీ నాయన అంగట్లో ఇంకా ఏందేందో ఉండాయి. వచ్చి చూసుకో, లేకుంటే మట్టితో పాటు ట్రాక్టర్లో పోతాయి" అన్నాడు. ఆదివారం పొద్దున బస్సెక్కాను. పొదిలిలో ఎక్కినవాళ్లూ, కొనకనమిట్లలో ఎక్కినవాళ్లూ అందరూ ఎవరి చెవుల్లో వాళ్లు తీగలు పెట్టుకుని కూర్చున్నారు. బస్సులో పాట లేదు. కిటికీ పక్కన ఎండిన కంది చేలు చూస్తూ, ఇంతమంది ఇన్ని పాటలు వింటున్నా నాకు ఒక్కటీ వినపడటం లేదే అనుకున్నాను.

మా అంగడి బస్టాండు నుంచి గుడి వైపు పోయే సందులో ఉండేది. ఇద్దరు మనుషులు పక్కపక్కన నిలబడితే నిండిపోయేంత. నాయన చిన్నప్పటి నుంచి బడిపిల్లల పలకలు చేసే షెడ్డులో పని చేసినవాడు. పలకలు కొనేవాళ్లు తగ్గి షెడ్డు మూతపడ్డాక కేసెట్లు పెట్టాడు, తర్వాత సీడీలు, ఆ తర్వాత ఒక కంప్యూటరు తెచ్చి సెల్ ఫోన్ మెమరీ కార్డుల్లో పాటలు ఎక్కించడం మొదలుపెట్టాడు. పొద్దున షట్టర్ ఎత్తగానే వాకిట్లో నీళ్లు చల్లి, కంప్యూటర్ మీద తువ్వాలతో దుమ్ము కొట్టి, సాంబ్రాణి వెలిగించి, ఒక దేవుడి పాట పూర్తిగా విని, అప్పుడు గానీ స్టూలు మీద కూర్చునేవాడు కాదు. పక్కన మామ గడియారాల పళ్లు పెట్రోలులో కడిగేవాడు. సాంబ్రాణి, పెట్రోలు, వేడెక్కిన కంప్యూటర్ నుంచి వచ్చే కాలిన దుమ్ము, ఈ మూడూ కలిసిన వాసన నాకు ఇప్పటికీ ఎక్కడైనా తగిలితే అక్కడే ఆగిపోతాను. బడి వదిలాక నేను నేరుగా అంగడికి పోయి, వెనక వేలాడే పచ్చ పరదా చాటున కూర్చునేదాన్ని. మనుషులతో మాట్లాడటమంటే నాకు భయం. పరదా చాటు నుంచి వినడం మాత్రం ఎంతసేపైనా వినేదాన్ని.

నా పని జాబితాలు రాయడం. మా వైపు గొర్రెలవాళ్లు కోస్తాలో వరి కోతలు అయ్యాక మందలు తోలుకుని అక్కడికి పోతారు. ఎరువు కోసం రైతుల చేలల్లో మంద కట్టి, ఊరూరా తిరుగుతూ, తొలకరికి గానీ తిరిగి రారు. అన్ని నెలలకు సరిపడా పాటలు ముందే ఎక్కించుకోవాలి కదా. బయలుదేరే వారంలో తర్లుపాడు, కొనకనమిట్ల పల్లెల నుంచి వరసగా వచ్చేవాళ్లు. గోరంత కార్డును బీడీల కట్టలో దాచుకొచ్చేవాళ్లు కొందరు, తువ్వాల కొసకు ముడేసుకొచ్చేవాళ్లు కొందరు. నాయన కార్డు చేతిలోకి తీసుకోగానే మొదట అడిగే మాట "ఎవరికి?" అని. ఎవరు వింటారో తెలియకుండా ఒక్క పాట కూడా ఎక్కించేవాడు కాదు. పెళ్లాం కూడా మంద వెంట పోతుందా, పిల్లలున్నారా, ముసలాయన ఉన్నాడా, అన్నీ అడిగి, ఒక్కో పాట కాస్త వినిపించి, వాళ్లు తలూపితేనే ఎక్కించేవాడు. నేను పరదా వెనక నోటు పుస్తకంలో ఒక్కో మనిషికి ఒక్కో పేజీ పెట్టి పేరు, ఊరు, పాటల వరస రాసేదాన్ని. మళ్లీ ఏడు వాళ్లు వచ్చినప్పుడు నాయన "పాపా, పోయినసారి ఈయనకు ఏమేం పోసినాం?" అని అడిగితే, నేను పేజీ తిప్పి పరదా సందులోంచి పుస్తకం అందించేదాన్ని. కొందరికి నేను ఆ చేతి వరకే తెలుసు.

ఇది తప్పని నాయనకు తెలియదని కాదు. టీవీలో అప్పుడప్పుడు సినిమావాళ్లు వచ్చి దొంగ పాటలు కొనొద్దని చెప్పేవాళ్లు. నాయన అన్నం కలుపుతూ శ్రద్ధగా వినేవాడు. "నిజమే గదా, వాళ్ల కష్టం అది" అనేవాడు. చెయ్యి కడుక్కుని అంగడికి పోయేవాడు. ఇంట్లోకి మాత్రం కంపెనీ ముద్ర ఉన్న అసలు కేసెట్టే తెచ్చేవాడు. ఆదివారం అమ్మ సంగటి కెలుకుతుంటే, కేసెట్టు పెట్టెలో మడిచిన కాగితం విప్పి, పాడినవాళ్ల పేర్లే కాదు, తబలా వాయించినాయన పేరు, వేణువు ఊదినాయన పేరు కూడా పైకి చదివేవాడు. "వీళ్లను ఎవరూ తలుచుకోరు పాపా, మనం చదవాల" అనేవాడు. కార్డుల్లో ఆ కాగితం ఉండదు. బహుశా అందుకేనేమో, పాట ఎక్కించేటప్పుడు అది ఎవరు పాడిందో నోటితో చెప్పందే కార్డు తిరిగి ఇచ్చేవాడు కాదు.

కంపెనీలు కూడా ఊరుకోలేదు. మొదట మా వరసలో అంగడంగడికీ కాగితాలు అంటించి పోయారు, దాంట్లో సంకెళ్లు వేసిన చేతుల బొమ్మ ఉండేది. తర్వాత వాళ్లు ఇంకో ఉపాయం చేశారు, అది మాకు మొదట తెలియలేదు. ఇంటర్నెట్లో అసలు పాటల పేర్లతోనే ఉత్తుత్తి పాటలు వదిలారు. మొదట పాట మామూలుగానే వస్తుంది, కాసేపయ్యాక ఆగిపోయి, ఒక ఆడగొంతు హెచ్చరిక చెప్తుంది. నాయన వినేది మొదటి ముక్కే కాబట్టి కనిపెట్టలేకపోయాడు. తొలకరికి మందలు తిరిగొచ్చినప్పుడు తర్లుపాడు వైపు నుంచి గొర్రెల అంకయ్య పెదనాయన నేరుగా అంగడికి వచ్చి, కర్ర గోడకు ఆనించి, నాయన ముందు కూర్చున్నాడు.

"ఏంది తమ్ముడా, నా కార్డులో ఎవురో ఆయమ్మని పెట్టి పంపినావు?"

"ఎవురు అన్నా?"

"నాకేం ఎరిక. పాట మంచి రుచిలో ఉంటది, అప్పుడు వస్తది. ఇది దొంగిలించిన పాట, మీరు చేస్తన్నది నేరం, అంటది. ఒక పాటలో కాదు, ఇరవై పాటల్లో. మొదట పాటలోదే అనుకున్నా, మాట బాగుంది గదా అని."

చెన్నకేశవులు మామ పక్కనుంచి నవ్వు ఆపుకోలేకపోయాడు. "మరి నీ వెంట వచ్చిన అక్క ఏమన్నది?"

"ఏమంటది, చెట్టు కింద పండుకోని వింటాంటే, ఎవత్తో మాట్లాడతన్నావని ఫోను పీక్కోని తన చెవి కాడ పెట్టుకున్న్యది. విన్న్యాక, నీకు సరిగ్గానే చెప్పింది పో, అన్నది. ఐదు నెల్లు తమ్ముడా. బాపట్ల కాడ దొంగ, చీరాల కాడ దొంగ. చివరాకరికి ఆయమ్మ మాటలన్నీ నోటికొచ్చినాయి. గొర్రెలు కూడా ఆ గొంతుకు అలవాటు పడినాయి, ఆయమ్మ రాంగానే తలెత్తి చూస్తాయి."

అందరూ నవ్వారు, నాయన కూడా నవ్వాడు. నేను పరదా వెనక నోటికి చున్నీ అడ్డం పెట్టుకున్నాను. అంకయ్య పెదనాయన పోయాక నాయన ఆ కార్డు పెట్టుకుని ఆ గొంతు మొదటి నుంచి చివరిదాకా విన్నాడు. మళ్లీ ఒకసారి విన్నాడు. తర్వాత ఆ ఇరవై పాటలకూ బదులు వేరేవి ఎక్కించి, కార్డు తెల్లారి తనే సైకిల్ మీద తర్లుపాడు దాకా పోయి ఇచ్చి వచ్చాడు. "మన చేత్తో పోసి పంపినాం గదా. ఆ మాట ఆయన పడాల్సింది కాదు, నేను పడాల్సింది" అని అమ్మతో అన్నాడు. ఆ రోజు నుంచి ఏ పాటైనా చివరిదాకా విని గానీ ఎక్కించేవాడు కాదు.

ఉత్తరం ఆ తర్వాతే వచ్చింది. నేను బడి నుంచి వచ్చేసరికి బల్ల మీద తెల్లటి పొడుగు కవరు ఉంది. హైదరాబాదు నుంచి ఎవరో నీలం చొక్కా ఆయన వచ్చి ఇచ్చి పోయాడని నాయన చెప్పాడు. "ఇంగ్లీషులో ఉంది. చదివి చెప్పు పాపా" అన్నాడు. బయట మబ్బు పట్టి ఉంది. నేను నిలబడే చదివాను. మొదటి పేరాలో చట్టం పేరు, సెక్షన్లు. రెండో పేరాలో కొత్త సినిమా పాటలు అనుమతి లేకుండా ఎక్కించడం వెంటనే ఆపాలని. మూడో పేరాలో, ఫలానా రోజు ఒంగోలులో ఒక హోటల్ హాలుకు రావాలనీ, ఇంతవరకు తెలిసే దొంగసొత్తు అమ్మానని రాసిన కాగితం మీద అందరి ముందూ సంతకం పెట్టి ఫోటో దిగితే లైసెన్సు ఇస్తామనీ, అప్పుడు అంగడి మామూలుగా నడుపుకోవచ్చనీ, రాకపోతే చర్య తీసుకుంటామనీ ఉంది.

దొంగసొత్తు అనే మాటకు ఇంగ్లీషులో రెండు మాటలు. ఆ రెండిటి దగ్గర నా కళ్లు ఆగిపోయాయి. నాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, తెలియని మనుషుల మధ్య హాలులో నిలబడి, ఫోటోవాడు చెప్పినట్టు కాగితం ఎత్తి పట్టుకోవడం కనిపించింది. ఆయన మొహం చూశాను. చెయ్యి కడుక్కున్నవాడు తువ్వాల కోసం చూసినట్టు నావైపు చూస్తున్నాడు.

"ఏముంది?"

"ఏం లేదు నాయనా. కొత్త సినిమా పాటలు ఎక్కియ్యొద్దంట."

"అంతేనా?"

"అంతే."

ఆయన కాగితం వైపు ఒకసారి చూశాడు. "ఇంకేం రాయలేదా పాపా, అంత పొడుగుంది?"

"కింద సంతకం ఉంది" అన్నాను.

సరే అని కాగితం మడిచి సొరుగులో పెట్టాడు. వాన మొదలైంది. నేను పరదా వెనక్కి పోయి, ఇంగ్లీషు వాచకం ఒళ్లో పెట్టుకుని, ఒక్క అక్షరం చదవకుండా కూర్చున్నాను.

మర్నాడు నాయన నా చేత ఒక పెద్ద పలక మీద సుద్దతో "కొత్త సినిమా పాటలు లేవు" అని రాయించి అంగడి ముందు వేలాడదీశాడు. నేను చెప్పినదాన్ని ఆయన తు.చ. తప్పకుండా పాటించాడు. కంప్యూటర్లో ఉన్న కొత్త పాటలన్నీ తుడిచేశాడు. కాలేజీ పిల్లలు వచ్చి పలక చదివి, "ఏంది అన్నా, పాటల అంగడా, పురాణ కాలక్షేపమా" అని బస్టాండు దగ్గర కొత్తగా పెట్టిన అంగడికి పోయేవాళ్లు. పాత పాటల కోసం పెద్దవాళ్లు కొందరు వచ్చేవాళ్లు. సాయంత్రాలు ఖాళీగా ఉండేవి. నాయన పాత పాటలే ఒక్కొక్కటీ పెట్టుకుని, ఇది ఎవరు పాడారో చెప్పమని నన్ను అడిగేవాడు. ఇప్పుడు తలుచుకుంటే నాకు మళ్లీ కావాలనిపించేది ఆ ఖాళీ సాయంత్రాలే. అప్పుడు మాత్రం ఒంగోలు తేదీ ఒక్కో రోజూ దగ్గర పడుతుంటే, చెప్పేద్దామని నోరు తెరిచి, నీళ్లు కావాలా నాయనా అని అడిగి ఊరుకునేదాన్ని. ఆ తేదీ వచ్చింది, పోయింది.

అర్ధ సంవత్సరం పరీక్షల ముందు ఒక మధ్యాహ్నం జీపు వచ్చింది. ఆ రోజు బడికి సెలవు, నేను పరదా వెనకే ఉన్నాను. ఇద్దరు కానిస్టేబుళ్లు, నీలం చొక్కా ఆయన. ఈసారి చొక్కా తెల్లది, మనిషి అదే అని నాయన పలకరింపును బట్టి తెలిసింది. వాళ్లు అరవలేదు, కొట్టలేదు. కంప్యూటర్ తీగలు విప్పుతూ, "పాత పాటలకైనా అనుమతి ఉండాల్సిందే. నోటీసు ఇచ్చినాం గదా, చదువుకోలేదా?" అని అడిగాడాయన. నేను పరదా అంచు పట్టుకున్నాను. నేను వదిలేశాను సార్, ఆయనకు తెలియదు, అని చెప్పడానికి రెండడుగులు బయటికి వేస్తే చాలు. వేయలేదు. "చదివినాం సార్. నాకే సరిగా అర్థం కాలేదు" అన్నాడు నాయన. అప్పుడే ఒక కానిస్టేబులుకు నా నోటు పుస్తకాలు దొరికాయి. పేజీలు తిప్పి, గుండ్రటి అక్షరాలు చూసి, "ఇదెవరి రాత?" అన్నాడు. "నాదే సార్" అన్నాడు నాయన. మా నాయన రాత కోడి కెలికినట్టు ఉంటుంది. కానిస్టేబులు పరదా కింద కనిపిస్తున్న నా పాదాల వైపు ఒకసారి చూసి, పుస్తకాలు సంచిలో వేసుకున్నాడు. నాయనను జీపులో తీసుకుపోయి, సాయంత్రానికి స్టేషన్ నుంచి పంపించారు. చెన్నకేశవులు మామ వెంట పోయి తీసుకొచ్చాడు. నాయన కాళ్లు కడుక్కుని, "పరీక్షలకు చదువుకో పాపా" అన్నాడు. ఆ సంగతి ఇంట్లో మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు.

తర్వాత ఆయన కొన్నాళ్లు ఫోన్లకు రీచార్జి చేశాడు, కొన్నాళ్లు సరుకుల ఆటో తోలాడు. ఆటోలో పాటల పెట్టె పెట్టించుకోలేదు. గొర్రెలవాళ్లు ఏడాది వరకు వచ్చి అంగడి ముందు నిలబడి పోయేవాళ్లు. ఆ తర్వాత ఫోన్లలోకి నెట్ చౌకగా వచ్చింది, ఎవరికీ ఎవరితోనూ పని లేకుండా పోయింది. పోయిన నెల నా ఫోనులో పాటల కంపెనీ నెలకింత కట్టమని అడిగింది, కట్టేశాను. ఎవరూ ఒంగోలు రమ్మనలేదు, దొంగవని అనలేదు, ఫోటో దిగమనలేదు. రెండు సార్లు వేలు ఆనించాను, అయిపోయింది. అదే మంచి పద్ధతి, పాడినవాళ్లకు చేరాల్సింది చేరుతుంది, నాయన ఉంటే ఆయనా అదే అనేవాడు. కానీ ఆ ఫోను నాకు రోజూ ఏవేవో పాటలు తెచ్చి చూపిస్తుంది, ఎవరికి అని మాత్రం అడగదు. మా అమ్మకు నాయన పోయిన దగ్గర నుంచి వేణువు వినపడితే అన్నం దిగదని దానికెట్లా తెలుస్తుంది? అమ్మ కోసం నేను కాగితం మీద ఒక జాబితా రాసి పెట్టుకున్నాను.

ఆదివారం మార్కాపురంలో షట్టర్ ఎత్తడానికి మామా నేనూ ఇద్దరం పట్టాల్సి వచ్చింది. లోపల పరదా చిల్లులు పడి ఉంది. గీకి పారేసిన రీచార్జి కార్డులు, విరిగిన స్టూలు, ఎలుకలు కొరికిన కేసెట్టు కాగితాలు. సొరుగులో ఉత్తరం లేదు. నాకు కావలసినవి పెద్దగా ఏమీ లేవు, రెండు అసలు కేసెట్లు సంచిలో పెట్టుకున్నాను. మామ టీ తెప్పించి తన దుకాణంలో బల్ల మీద కూర్చోబెట్టాడు. ఆయన చేతులు ఇప్పుడు వణుకుతున్నాయి, గోడ గడియారాలు తప్ప చేతి వాచీలు ముట్టుకోవడం లేదు. ఇన్నేళ్లలో నేనుగా ఆయన్ని ఒక్క ప్రశ్న కూడా అడిగి ఉండను. టీ సగం తాగాక అడిగాను.

"మామా, ఆ రోజు స్టేషన్లో నాయన ఏమన్నాడు?"

"స్టేషన్లో ఏముంది అమ్మాయ్. కూసోబెట్టినారు, ఇంక ఎక్కించనని రాసిచ్చి సంతకం పెట్టినాడు. వస్తా వస్తా దోవలో నేనే తిట్టినా. ఆ సంతకమేదో ముందే ఒంగోలు పోయి పెట్టుంటే అంగడి నిలబడేది గదరా అని."

గ్లాసు చేతిలోనే ఉండిపోయింది. "ఒంగోలు సంగతి నాయనకు తెలుసా?"

"తెలుసా ఏంది? ఆ నీలం చొక్కా ఆయన కాయితం చేతికిచ్చి ఊరికే పోయినాడా? మీ నాయనకు ఇంగ్లీషు రాదని, ఇదిగో, నువ్వు కూసున్న బల్ల మీదే కూసోని మొత్తం తెలుగులో చెప్పినాడు. రమ్మన్నదీ, ఆ దొంగసొత్తు మాటా, ఫోటో, లైసెన్సు, అన్నీ. మీ నాయన రెండుసార్లు చెప్పించుకోని విన్నాడు. పోవాల్నా వద్దా అని నన్ను కూడా అడిగినాడు, పొమ్మనే చెప్పినా."

నేను గ్లాసు బల్ల మీద పెట్టాను. "మరి నన్నెందుకు చదవమన్నాడు మామా?" అన్నాను.

చెన్నకేశవులు మామ కళ్లద్దాలు తీసి పంచె కొంగుతో తుడుచుకుంటూ, సందు అవతలికి చూస్తూ చెప్పాడు.

"అదే అడిగినా నేను. మర్నాడు పొద్దున ఆ పలక తగిలిస్తా ఉండినాడు. ఏం తేల్చుకున్నావు, ఒంగోలు పోతన్నావా లేదా అంటే, లేదు బావా, పాప చేత చదివించినా, ఆ మాట కాడికి వచ్చి బిడ్డ ఆగిపోయింది, చదవలేకపోయింది, నా బిడ్డ నోట రాని మాట కింద నేనెట్ల సంతకం పెడతాను, అన్నాడు."